ఊటచెఱువునకు తగిన తావు

మన సహకార సంఘముల వేసవి సమావేశములలో ఎన్ని విషయములు చర్చకు వచ్చినను, వాని నన్నిటిని వెనుకకు నెట్టి ముందునకు వచ్చునది నీటి విషయమే. బోర్లు ఎండిపోవుచున్నవి, వానిని వేయించుటకు తెచ్చిన అప్పులు మాత్రము ఎండుట లేదు. ఇట్టి స్థితిలో సంఘనిధి నుండి కొంత సొమ్ము తీసి ఒక ఊటచెఱువు కట్టుకొందమన్నచో సభ్యులందఱును ఏకముగా ఒప్పుకొందురు. కాని "ఎక్కడ కట్టుదము?" అను ప్రశ్న వచ్చిన వెంటనే ఆ ఐకమత్యము చెదరిపోవును. ఒకరు తమ బోరు దగ్గఱ నుండవలె నందురు. ఒకరు ఊరికి ఎగువ నుండవలె నందురు. మఱియొకరు బంజరులో కట్టినచో పరిహారపు ఖర్చు తప్పునందురు. ఈ మూడును వినదగిన మాటలే. అయితే భూమిలోపలి రాయి చెప్పు మాటను గూడ వినిన పిమ్మట గాని సంఘము తీర్మానము చేయరాదు. ఆ మాటను వినుట యెట్లో ఈ పాఠమున వివరింపదలచినాము.

మొదట మా పొరపాటు నొకదానిని చెప్పుకొనుట న్యాయము. కొన్ని యేండ్ల క్రిందట గ్రానైటు రాతినేల గల యొక గ్రామమున సభ్యులు వంక కడ్డముగా చెఱువుకట్ట వేయ నిశ్చయించి, తావును చూపుమని మమ్ము పిలిచిరి. రెండు గుట్టల నడుమ ఇఱుకైన చోటు. కట్ట పొడవు తక్కువ. లోపల నీరు నిలుచుటకు మంచి పల్లము. మేము సంతోషముతో సరేయంటిమి. మొదటి పెద్దవానకే చెఱువు నిండినది. సంక్రాంతి దాటినను, శివరాత్రి వచ్చినను నీరు తగ్గలేదు. పొరుగూళ్ళ రైతులను పిలిచి చూపించితిమి. అప్పుడొక ముసలి రైతు కట్టమీద నిలుచుండి, "అయ్యా, చెఱువులో నీళ్ళు తగ్గకపోతే మా బోర్లలోకి ఎక్కణ్ణించి వస్తాయి?" అని యడిగెను. మాయొద్ద జవాబు లేదు. ఆ యేడు కట్ట క్రింది బోర్లలో ఒక్కదానియందును నీరు పెరుగలేదు. వేసవిలో చెఱువెండిన తరువాత అడుగున గుంత త్రవ్వించి చూడగా, మూరెడు నల్లని బంకమట్టియు, దాని క్రింద పగులే లేని పరుపుబండయు కానవచ్చెను. నీరు నిలుపుటకు అది యెంత మంచి తావో, నీరు ఇంకించుటకు అంత చెడ్డ తావు. నీరు నిలుచు చోటు వేఱు, నీరు ఇంకు చోటు వేఱు అను సంగతి సంఘపు సొమ్ము ఖర్చైన తరువాత మేము నేర్చుకొంటిమి. మీరు ఖర్చునకు ముందే నేర్చుకొనవలెనని మా కోరిక.

1. రాతినేల అమరిక

కృష్ణా గోదావరి డెల్టాలలో నేల లోతుగా ఇసుకయు ఒండ్రుమట్టియు గలదిగాన, దాని రేణువుల సందులలో నీరు సమృద్ధిగా నిలుచును. రాయలసీమయందును తెలంగాణమునందును చాల భాగమట్లు కాదు. భారతదేశపు విస్తీర్ణములో ఇంచుమించు మూడింట రెండు వంతులు గట్టిరాతి నేలయే. అనంతపురము, చిత్తూరు, మహబూబ్‌నగరు, నల్లగొండ ప్రాంతములలో గ్రానైటు, నైసు రాళ్ళు విస్తారముగ నున్నవి.

ఇట్టి చోట పైనుండి క్రిందికి నాలుగు వరుసలు చూడవచ్చును. మొదటిది సాగుమన్ను. దాని క్రింద అనేక సహస్రాబ్దుల ఎండవానలకు మెత్తబడిన రాయి. దీనినే మనము మొరమందుము. దాని క్రింద పగుళ్ళు వాఱిన రాయి. అన్నింటికిని అడుగున పగుళ్ళు మిక్కిలి అరుదైన గట్టిబండ. మొరము నీటిని దాచుకొను గాదె వంటిది. పగుళ్ళరాయి ఆ గాదెనుండి మన బోరునకు నీటిని మోయు కాలువ వంటిది. గాదె నిండక కాలువ పాఱదు.

హైదరాబాదునకు దక్షిణముననున్న మహేశ్వరము వద్ద సుమారు 53 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రదేశమును భారత, ఫ్రెంచి శాస్త్రజ్ఞులు కూడి అనేక సంవత్సరములు పరిశీలించిరి. అచ్చట మొరపు పొర 10 మొదలు 20 మీటర్ల మందముండెను. అతిగా తోడుటచే నీటిమట్టము ఆ పొరను దాటి పగుళ్ళరాయిలోనికి దిగిపోయెను. గాదె ఖాళీయై కాలువలో మిగిలిన నీటినే రైతులు తోడుకొనుచుండి రన్నమాట. లోతునకు పోవుకొలది పగుళ్ళు తగ్గును. కావున బోరును మఱింత లోతునకు దింపుట గాదెలో ధాన్యము లేనప్పుడు అడుగు గీచుట వంటిది.

2. గాదె యెంతటిది? ఖాళీ యున్నదా?

ఇంకించిన నీరంతయు మనకు తిరిగి వచ్చునని తలంపరాదు. రాతినేల కొంచెమే దాచుకొనగలదు. భూగర్భజలముల గణనకు 1997లో ప్రభుత్వ సంఘము నిర్ణయించిన ప్రమాణముల ప్రకారము, బంకమట్టి తక్కువగా గల గ్రానైటు, నైసు మొరము తన పరిమాణములో నూటికి 2 మొదలు 4 పాళ్ళ నీటినే బావికి విడువగలదు. బంక హెచ్చైనచో 1 మొదలు 2 పాళ్ళే. పగుళ్ళు లేని గట్టిరాయిలో అరపాలునకు మించదు. డెల్టాలోని ఇసుక ఒండ్రునందైనచో 12 మొదలు 20 పాళ్ళుండును.

దీనిని మన లెక్కలో చూతము. ఎకరము సుమారు 4,000 చదరపు మీటర్లు. ఒక మీటరు మందము గల మొరములో నూటికి 3 పాళ్ళ చొప్పున ఎకరము క్రింద పట్టునది 120 ఘనపు మీటర్ల నీరు. ఒక ఎకరము వరికి పంటకాలమంతటికి 1,200 మిల్లీమీటర్ల చొప్పున 4,800 ఘనపు మీటర్లు కావలెను. అనగా 40 ఎకరముల క్రింద ఒక మీటరు మందమున నింపిన నీరు ఒక్క ఎకరము వరికి చాలును. అదే నీటితో 500 మిల్లీమీటర్లు కోరు వేరుసెనగ నైనచో ఇంచుమించు రెండున్నర ఎకరములకు తడి ఇయ్యవచ్చును. వరిమడిలోని నీరు కొంత మరల ఇంకును గాన లెక్క కొంచెము సడలినను, మొత్తముమీద పాత్ర చిన్నదను మాట నిజము.

కావున స్థలము వెదకుటకు పూర్వము రెండు ప్రశ్నలకు జవాబు తెలిసికొనవలెను.

మొదటిది: పాత్రలో ఖాళీ యున్నదా? వానలు వెనుకబట్టిన తరువాత, నవంబరు డిసెంబరు నెలలలో, పంపులు ఆపిన తెల్లవారుజామున బావులలో నీటిమట్టమును త్రాటితో కొలువుడు. నేలకు 3 మీటర్ల లోపుననే నీరున్నచో అచ్చట ఇంకించుటకు ఖాళీ లేదు. చెఱువు కట్టిన నేల జౌకును. 3 మీటర్లకు లోతున నుండి, మొరము ఎండియున్నచోటనే పని చేయుట యుక్తము.

రెండవది: నింపుటకు మిగులు నీరు కలదా? ఆ వంక దిగువనున్న గొలుసుకట్టు చెఱువులలో దేనికైన ఆధారమైనచో, మనము ఎగువ ఆపిన ప్రతి కడవయు దిగువ ఆయకట్టునుండి తీసినదే. అలుగు పాఱి ఊరు దాటిపోవు నీటినే మనము మిగులని లెక్కింపవలెను.

3. నేలను చదువు విధము

పాత దిగుడు బావులు మనకు ఉచితముగా దొరకిన పుస్తకములు. వంక పొడవున నున్న ఎండుబావులలోనికి జాగ్రత్తగా త్రాడు కట్టుకొని దిగి, మన్ను ఎంతవఱకు, మొరము ఎంతవఱకు, రాయి ఎచ్చట మొదలైనదో కొలిచి వ్రాసికొనుడు. దిగుటకు ముందు వెలుగుచున్న దీపమును దింపి చూడుడు. అది ఆఱిపోయినచో దిగవలదు. మొరము మందముగా నుండి, ఆ మందము తెగకుండ దిగువ బావుల వఱకు సాగిన చోటు మంచిది. చెఱువు క్రింద మొరముండి నడుమ బండ అడ్డువచ్చిన యెడల, ఇంకిన నీరు దిగువ బావులకు చేరదు.

వంక యొక్క ఏ భాగము తగినది? గుట్టల నెత్తిన పరుపుబండయే యుండును, నీరు పరుగెత్తును. మిక్కిలి పల్లమున బంకమట్టి చేరియుండును, నీటిమట్టము పైననే యుండును. గుట్ట దిగి వాలు మందగించు చోట, రెండు మూడు చిన్న వంకలు కలిసి యొకటైన తరువాత, ఎఱ్ఱని గరపనేల గల భాగము సాధారణముగ తగినది. నల్లరేగడియు చౌడును విడువవలెను. చౌడునేల తడిసినప్పుడు రేణువులు మెత్తబడి సందులు మూసికొనును.

పగుళ్ళ వరుసలకు బయటి గుఱుతులు కలవు. వంక తన వంకరతనము మాని హఠాత్తుగా తిన్నగా పాఱుట, మంచి బోర్లన్నియు ఒకే వరుసలో నుండుట, వేసవిలోను ఒక వరుసనున్న చెట్లు మాత్రమే పచ్చగా నుండుట గమనింపుడు. వరాహమిహిరుని బృహత్సంహితలోని దకార్గళాధ్యాయమున చెట్లను పుట్టలను జలమునకు గుఱుతులుగా చెప్పియున్నారు. ఇవి వెదకుటకు దారి చూపును. త్రవ్వి చూచుట యనెడు పనిని తప్పింపవు.

మన గ్రానైటు ప్రాంతములలో మఱియొక సంగతి ముఖ్యము. కొన్నిచోట్ల నల్లరాళ్ళు గోడవలె బారులు తీరి మైళ్ళకొలది సాగును. పూర్వము భూగర్భమునుండి పైకి చొచ్చిన ద్రవశిల గట్టిపడి యట్లైనది. అది పగులక గట్టిగా నున్న చోట భూమిలోపల అడ్డుకట్ట వంటిది. ఊటచెఱువును, ప్రయోజనము పొందవలసిన బావులును ఆ గోడకు ఒకే ప్రక్క నుండవలెను. గోడకు ఎగువ ఇంకించి, దిగువ బావులకై యెదురుచూచుట వ్యర్థము. గోడ తానే పగిలి మెత్తబడిన చోట మాత్రము నీరు దాటవచ్చును.

రాయి మాఱిన గుఱుతులు మాఱును. ఆదిలాబాదు, వికారాబాదు ప్రాంతములలోని నల్లరాతి పొరలలో బుడగలవంటి రంధ్రములు గల పొరయు పగిలిన పొరయు నీటిని తీసికొనును; నడుమ గట్టి పొర తీసికొనదు. కడప, కర్నూలు ప్రాంతపు పలకరాళ్ళు కొంచెమే తీసికొనును. బెలూము గుహలున్న సున్నపురాతి నేలలో లోపలి బిలముల ద్వారా నీరు మన కెదురుచూడని దిక్కునకు పోవచ్చును. కావున ఒక ఊరి అనుభవమును వేఱొక రాతినేలకు అట్లే మోసికొని పోరాదు.

4. రెండు సులభ పరీక్షలు

గుంత పరీక్ష: ఎన్నుకొన్న మూడు తావులలో ఒక్కొక్కదాని యందు కనీసము మూడు గుంతలు త్రవ్వుడు. పైమన్ను దాటి మొరము తగులువఱకు త్రవ్వినగాని పరీక్ష చెల్లదు. మొదటి దినమున నీరు నింపి నేలను తడియనిండు. ఎండుమన్ను మొదట ఆత్రముగా త్రాగును. దానిని చూచి మోసపోరాదు. మఱునాడు మరల నింపి, గుఱుతులు పెట్టిన కొయ్యను నిలిపి, గంటగంటకు ఎంత తగ్గినదో వ్రాయుడు. అన్ని గుంతలును ఒకే కొలత గలవిగా నుండవలెను. మూడు తావులలో ఏది నిలుకడగా త్రాగుచున్నదో తేలిపోవును.

కొయ్య పరీక్ష: ఆ వంకమీద ఇదివఱకే కుంట యున్నచో దానిలో కొయ్య నాటుడు. వాన లేక, నీరు లోపలికి రాక, ఎవరును తోడుకొనని దినములలో రోజుకెంత తగ్గినదో చూడుడు. శీతకాలమున మన ప్రాంతములలో ఎండకును గాలికిని రోజుకు 4, 5 మిల్లీమీటర్లు ఆవిరియగునని స్థూలముగా తీసికొనవచ్చును. కుంట 20 మిల్లీమీటర్లు తగ్గినచో 15 భూమిలోనికి పోయినవి. 6 మాత్రమే తగ్గినచో నీరు సూర్యునికి పోవుచున్నది గాని మన బోర్లకు గాదు. మా మొదటి చెఱువు నందు ఈ కొయ్యను నాటియున్నచో ఆ ముసలి రైతు ప్రశ్నకు ఒక్క వారములో జవాబు దొరకియుండును.

ఈ రెండును పైపొరల సంగతినే చెప్పును. పెద్దమొత్తము ఖర్చు చేయుటకు ముందు భూగర్భజల శాఖవారిని పిలిపించి, భూమిలోనికి విద్యుత్తును పంపి దాని నిరోధమును కొలుచు పరీక్షను చేయింపుడు. మొరము మందమును త్రవ్వకయే అంచనా వేయుటకు అది తోడ్పడును. మీ బావుల కొలతల పుస్తకము ముందుంచినచో వారి పనియు మఱింత ఖచ్చితమగును.

5. చేయరాని పనులు

తన బోరునకు ప్రక్కనే ఊటచెఱువు కోరు సభ్యుడు సంఘపు సొమ్ముతో తన సొంత తొట్టిని కట్టించుకొనుచున్నట్లే. అట్టి బోరు చెఱువును తోడును. దిగువవారికి ఏమియు మిగులదు.

పేడకుప్పలకు, మరుగుదొడ్లకు, మురుగు కాలువలకు, పురుగుమందుల డబ్బాలు కడుగు చోట్లకు దిగువను ఇంకించు పని పెట్టరాదు. పొలము మీది బురదనీటిని తిన్నగా బోరులోనికి వదలుట మిక్కిలి కీడు. రాతిపగుళ్ళలో ఇసుకనేలయందువలె వడకట్టు సాధనము లేదు. ఒకరు వదలిన మురికి మఱియొకరి త్రాగునీటిలో తేలును.

పూడికను మఱువరాదు. ఎంత మంచి తావైనను ఎగువ నేలలు కోసికొని వచ్చి బురద చేరినచో, కొన్ని యేండ్లకే ఊటచెఱువు వట్టి నీటి తొట్టియగును. ఎగువ గట్లు వేసి, పచ్చిక పెంచి, ప్రతి వేసవిని అడుగు ఎండిన తరువాత సన్నని ఒండ్రును తీసి పొలములకు తోలుకొనవలెను. అడుగున బంకపొర పలుచనై దాని క్రింద ఎండు మొరమున్నచో, బంకను దాటునట్లు గుంత త్రవ్వి రాళ్ళు, గులక, ఇసుక వరుసగా నింపి నీటికి దారి చేయవచ్చును. క్రింద పరుపుబండ యైనచో ఈ వైద్యము పనికిరాదు. మా మొదటి చెఱువు గతి యదియే. దానిని పశువుల నీటికై విడిచిపెట్టితిమి.

తరువాత ఆ గ్రామస్థులు పాతబావుల గోడలు చూచి, అర మైలు దిగువన మందమైన మొరమున్న తావున తక్కువ ఖర్చుతో చిన్నకట్ట వేసికొనిరి. అందులో నీరు సంక్రాంతి వఱకు గూడ నిలువలేదు. చూచువారికి అది యేమంత గొప్పగా కనబడదు. కాని మరుసటి సంవత్సరము దాని దిగువనున్న రెండు పాడుబావులలో నీరు చేరినది. దూరపు బోర్లలో మార్పు స్వల్పమే. ఉన్నదున్నట్లు చెప్పవలెను గాన దీనినిగూడ వ్రాయుచున్నాము.

6. సంఘము చేయవలసిన తీర్మానములు

ఇంకిన నీటికి సర్వే రాళ్ళు తెలియవు. అందఱి కష్టముతో ఇంకించిన దానిని ఒకరు క్రొత్త బోరుతో తోడుకొనిపోవచ్చును. కావున కట్టకు ముందే కట్టుబాటు కావలెను. ప్రయోజనము పొందగల బావుల పట్టిక వ్రాయుడు. ఆ పరిధిలో క్రొత్త బోరు వేయమని సభ్యులందఱి చేతను చేవ్రాలు చేయింపుడు. 2002 నాటి జల, భూమి, వృక్ష పరిరక్షణ చట్టము ప్రకారమును బోరునకు ముందు అనుమతి కావలసియున్నది. ముంపునకు భూమి ఇచ్చువానికి పరిహారము ముందుగా చెల్లింపుడు. ఒకని కన్నీటితో అందఱి బావులు నింపుట సహకారము కాదు.

నీటిమట్టము చూచి పంట నిర్ణయించుకొనుట రైతులకు అసాధ్యమని కొందఱందురు. 2000 తరువాతి దశాబ్దమున ఉమ్మడి ఆంధ్రప్రదేశములో కఱువు పీడిత జిల్లాలు ఏడింటియందు రైతులే వానను, బావులను కొలిచి, ఊరి నీటి ఆదాయ వ్యయములను లెక్కవేసి, రబీ పంటలను గూర్చి కలిసి చర్చించిరి. మన సంఘములు సొమ్మునకు జమాఖర్చు వ్రాయుటలో ఆఱితేరినవే. నీటికి గూడ అట్టి పుస్తకమొకటి పెట్టుట కష్టము కాదు.

ఈ వేసవిలో ప్రతి సంఘమును ఇద్దఱు యువకులను నియమించి, వంక పొడవున పాతబావుల లోతును మొరము మందమును వ్రాయింపవలెను. వానకాలమున కుంటలలో కొయ్యలు నాటి చదువవలెను. డిసెంబరులో నీటిమట్టములు కొలువవలెను. ఆ మూడు పట్టికలును బల్లమీద పెట్టుకొని, అప్పుడు తావును నిశ్చయింపవలెను. ఒక సంవత్సరము ఆలస్యమగునని కొందఱు తొందరపడుదురు. మేమును ఒకప్పుడు తొందరపడితిమి. ఆ చెఱువులో నేటికిని గేదెలు ఈదుచున్నవి.